గ్లోరీ సిస్టర్ చెయ్యి

ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసే గదిలో గ్లోరీ సిస్టర్ ఎప్పుడూ రోగి తల పక్కనే నిలబడుతుంది. అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాకే అతని భుజం మీద వేస్తుంది. రోగికి అబద్ధం చెప్పదు. ఆ రోజు సాలూరు లారీ డ్రైవరు అప్పలసూరి బల్ల మీద మెలకువగానే ఉన్నాడు. అతని ఊపిరితిత్తి అంచున ఎక్కడో చిన్న గడ్డ ఉంది, దాని ముక్క తియ్యాలి. సన్నని గొట్టం అక్కడికి చేరేసరికి దగ్గు తన్నుకొచ్చింది. డాక్టరు చెయ్యి ఆగింది. “మావా, నన్నే సూడు. దగ్గొస్తే నా సెయ్యి నొక్కు,” అంది గ్లోరీ. అతను ఆమె వేళ్లు నలిగేలా పట్టుకుని దగ్గు ఆపుకున్నాడు. “ముక్క దొరికింది,” అన్నాడు డాక్టరు.

గొట్టం తీశాక అప్పలసూరి బొంగురు గొంతుతో, “సెడ్డదేనేటమ్మా?” అని అడిగాడు.

“ఇంకా తెలీదు మావా. పరీక్షకి పంపాల,” అందామె.

అతను కళ్లు మూసుకున్నాడు, చెయ్యి మాత్రం వదల్లేదు. తరవాతి రోగిని పిలుస్తున్నా గ్లోరీ కదల్లేదు.