నేను కనిపెట్టిన తూర్పు

భూమండలం వణికిన కథ చెబుతాను, కూర్చోండి. ఇందులో పిడుగుంది, శనిదేవుడున్నాడు, ఊరు ఊరంతా ఆయుధాలు కింద పెట్టిన ఘట్టముంది. సాక్షాత్తు సూర్యభగవానుడు గుమ్మం దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి తిరిగి వెళ్ళిపోయిన వైనముంది. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు.

ఇంత చెప్పాక మిమ్మల్ని మోసం చేయడం ఎందుకు? ఒక చిన్న గుడికి గుమ్మం వంకరగా పెట్టించాను. అంతే కథ. లేచి వెళ్ళదలచుకున్నవాళ్ళు వెళ్ళవచ్చు. మిగిలినవాళ్ళు నన్ను చూసి నవ్వడానికే ఆగారని నాకు తెలుసు.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. భూములు కొలిచే ఒక దొర దగ్గర పనికి కుదిరాను. గొలుసు లాగడం, జెండా కర్ర పట్టుకుని ఎండలో నిలబడడం, దొర గొడుగు మోయడం నా ఉద్యోగం. మా ఊరు బ్రిజే వెర్దియేర్‌లో మాత్రం ‘సర్వే చేస్తున్నాను’ అని చెప్పుకున్నాను. గొడుగు ప్రస్తావన తేలేదు.

ఇక మా అమ్మమ్మ అప్పలమ్మ. ఓడెక్కి ఈ దీవికి వచ్చేటప్పుడు కొంగున కట్టి తెచ్చుకున్న జానెడు ఇత్తడి రాముడు ఆవిడ ఆస్తి. చెరకు తోట కూలీలుండే లైన్లలో, కిటికీ లేని గదిలో, పొయ్యి పక్కన, పొగలో పెట్టుకుని పూజించింది ఇన్నేళ్ళూ. అందుకని ఆవిడకు ఒకటే కోరిక.

“నానేమో ఎండలో సెరుకు నరికి నరికి నల్లబడిపోనాను. ఆయనేమో పొగలో నల్లబడిపోనాడు. గుడంటూ కడితే పొద్దుటెండ రాముడి మొకాన పడాల. అది సూసి నాను పోతాను.”

ఈ ‘పోతాను’ మాట పులుసులో ఉప్పు తగ్గినా అంటుంది కాబట్టి దాని గురించి మేమెవరం బెంగపడలేదు. కానీ ఎండ సంగతి వేరు. ఆ ఒక్క విషయంలో ఆవిడ గొంతు మారిపోయేది. మా అప్పన్న మావయ్య అది విని, తన చెరకు పొలంలో ఒక మూల గుడికి ఇచ్చేశాడు. రాతి గోడలు, చెరకాకు కప్పు, గుమ్మం సరిగ్గా తూర్పుకి. శ్రీరామనవమికి ప్రతిష్ఠ. పొద్దుటి మొదటి కిరణం రాముడి మొహాన పడేలా చూస్తానని అమ్మమ్మకు మాటిచ్చాడు.

చెరకు నరుకుడు మొదలైన చలి రోజుల్లో ఒక ఉదయం (మా దీవిలో చలి జూలైలో, ఎండలు క్రిస్మస్‌కి), మావయ్య పొలంలో నిలబడి చెయ్యి చాపాడు. “తూరుపంటే అటే కదేట్రా? రోజూ సూర్యుడు అక్కడే లేస్తన్నాడు.”

నేను నవ్వాను. గొడుగు మోసినవాళ్ళు మాత్రమే నవ్వగల నవ్వు అది.

“సూర్యుణ్ణి నమ్మకు మావయ్యా. చలిలో ఒక చోట లేస్తాడు, ఎండాకాలం ఇంకో చోట లేస్తాడు. నిలకడ లేని మనిషి. రామనవమి నాటికి ఎక్కడుంటాడో ఇప్పుడు చూసి చెప్పలేవు. దొర దగ్గర బుసోల్ ఉంది, అడిగి తెస్తాను.”

“బుసోలంటే?” అంది అమ్మమ్మ.

“దిక్సూచి అమ్మమ్మా. దిక్కు చెప్పే ముల్లు.”

“సేప ముల్లా?”

అప్పుడు నేను ఉపన్యాసం ఇచ్చాను. మీరూ వినక తప్పదు. భూమి మొత్తం ఒక పెద్ద అయస్కాంతం లాంటిది. ఒక అయస్కాంతపు ముల్లును నడుమున సన్నటి మొన మీద నిలబెడితే, ఎవరూ తిప్పకుండానే ఉత్తర దక్షిణాలుగా వచ్చి ఆగుతుంది. పోర్ట్ లూయిస్ రేవు నుంచి ఓడలు దాన్ని నమ్ముకునే బయలుదేరతాయి. పొలాల సరిహద్దులు దాంతోనే కొలుస్తారు. అయితే దానికి రాజుగారి బావమరిదికి ఉన్నన్ని పట్టింపులు. లండన్‌లో తయారైన ముల్లు మా దీవికి చేరగానే ఒక కొస కిందికి వాలేస్తుంది. రెండో కొసకు రాగి తీగ చుట్టి సముదాయించాలి. అప్పుడైనా అసలు ఉత్తరాన్ని చూడదు, కొంచెం పడమటికి చూస్తుంది. ఎంత పడమటికో తెలుసుకోవడానికి దొర ఒకసారి నన్ను వెంటబెట్టుకుని ద్వీపం ఉత్తరాన ఉన్న వేధశాలకు వెళ్ళాడు.

అక్కడ ఒక చీకటి గదిలో పట్టుదారానికి అయస్కాంతం వేలాడుతోంది. దానికి చిన్న అద్దం. అద్దం మీద పడిన దీపపు వెలుగు ఫోటో కాగితం మీదికి మళ్ళి గీత గీస్తుంది. అయస్కాంత బలం వెంట్రుకవాసి మారినా ఆ గీత వంకరపోతుంది. ఆ గది తలుపుకు ఒక్క ఇనప మేకు లేదు, అన్నీ రాగివే. దగ్గర్లో ఇనుముంటే పనిముట్టు అబద్ధం చెబుతుందని నా బూట్లు కూడా విప్పించారు, అడుగున మేకులున్నాయని. ఆ రోజు నుంచి ఇనుమంటే నాకు కొత్తగా మాంసం మానేసినవాడికి మాంసమంటే ఉన్నంత అసహ్యం.

దొర దగ్గర ఆదివారానికని దిక్సూచి తెచ్చాను. ఊరు పోగైంది. నేను చెయ్యెత్తాను.

“ఇనుమున్నవాళ్ళంతా అక్కడ పెట్టి రండి!”

చెరకు కత్తులు పోయాయి. గునపాలు, పారలు పోయాయి. ఇనప పట్టా చక్రాల బండిని ఎద్దులతో సహా రోడ్డు అవతలికి తోలించాను. నీళ్ళ బకెట్టు వెళ్ళింది. అత్తయ్య మొలలో తాళంచెవుల గుత్తి వెళ్ళింది. ఒకావిడ కొప్పులోంచి పిన్నులు తీయించాను. ఆవిడ ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అమ్మమ్మ మొలలోని అడకత్తెర దగ్గరికి వచ్చేసరికి గొడవైంది.

“వక్కలు కత్తిరించుకునేదాని మీద కూడానా నీ సర్వే?”

“నీ రాముడి కోసమే కదా అమ్మమ్మా!”

“ఆయన ఇల్లు ఇడిసి అడివికెళ్ళినాడు. నాను అడకత్తెర ఇడుస్తానులే,” అని ఇచ్చేసింది.

మిగిలింది సింహాద్రి పంతులు గారు. మా పూజలూ, భజనలూ ఆయనవే. వేలికి ఓడ మేకుతో చేయించిన ఇనప ఉంగరం, శని పీడ తగలకుండా.

“ఇది తియ్యకూడదు బాబూ. ఇది నా శనిని పట్టి ఉంచింది.”

“పంతులు గారూ, ఒక్క నిమిషం.”

“ఒక్క నిమిషమే సాలు దానికి. బయటికొచ్చి ఎవుడ్ని పట్టుకుంటాదో!”

“నన్ను పట్టుకోమనండి,” అన్నాను, లోకమంతా వినేలా.

మీరు గుర్తుపెట్టుకోండి. ఆ మాట నేనే అన్నాను.

ఇక అంతా శుద్ధి అయింది, దిక్సూచి పెట్టడమే ఆలస్యం. దొర ముక్కాలి పీట ఉంది గాని, దాని కాళ్ళ చివర ఇనప పొన్నులు! కళ్ళు మూసుకుని పక్కన పారేయించాను. పొలంలో చిన్న ఏనుగంత నల్లరాయి ఒకటుంది. చెరకు వేసేముందు మా వాళ్ళు రాళ్ళన్నీ ఏరి కుప్పలు పోస్తారు. ఇది కదలనంటే వదిలేశారు. నేను పుట్టకముందు తుపానులో దాని మీద పిడుగు పడి నెర్రె విచ్చిందని చెప్పుకునేవాళ్ళు. చదునుగా, శుభ్రంగా, ఇనుము వాసన లేకుండా కనబడింది. దాని నెత్తిన దిక్సూచి పెట్టాను.

ముల్లు ఊగింది, ఆలోచించింది, ఆగింది. నేను పడమటి తేడా సరిచేసి, దొర గొంతు తెచ్చుకుని, వేలు చూపించాను. “అదిగో తూర్పు.”

మావయ్య అటు చూశాడు. “అటా? అటు సీనా దేశం ఆయన రమ్ము కొట్టుంది కదరా?”

“కొట్టు అక్కడ కట్టారని తూర్పు తప్పుకుంటుందా మావయ్యా?”

“మరీ అంత దచ్చినానికా?”

“శాస్త్రం మావయ్యా.”

శాస్త్రం అన్నాక ఇంకేముంది? కర్ర మేకులు కొట్టాం, పునాది తవ్వాం. గోడలు లేచాయి.

గోడలు లేస్తున్నకొద్దీ సూర్యుడి కదలిక ఊరికి పెద్ద వినోదమైంది. చలి తగ్గేకొద్దీ ఆయన రోజూ కాస్త కాస్త నా గుమ్మం వైపు జరగడం మొదలుపెట్టాడు. నాకు మెడ పొడుగైంది. రోజూ పొద్దున్నే చాయ్ గ్లాసుతో వెళ్ళి, “చూశారా? వస్తున్నాడు,” అనేవాణ్ణి, కొత్త అల్లుణ్ణి స్టేషన్ నుంచి తీసుకొస్తున్న మామగారిలా.

చెరకు నరుకుడు అయిపోయి, క్రిస్మస్ ముందు మంచి ఎండల్లో, వెలుగు నిజంగానే గుమ్మంలోంచి ఏటవాలుగా లోపలికి వచ్చింది. రాముడి పీఠానికి మూరెడు దూరంలో పక్కగోడ మీద పడింది. అమ్మమ్మ చేతులు జోడించింది. “ఇంకొంచెం నాయనా, ఇంకొంచెం.”

“వారంలో పీఠం ఎక్కుతాడు,” అన్నాను.

వారం తరువాత అక్కడే ఉంది. ఇంకో వారానికి రెండు వేళ్ళు వెనక్కి పోయింది.

“ఏటిరా, ఎనక్కెళ్తన్నాడేటి?” అన్నాడు మావయ్య.

“సర్దుకుంటున్నాడు.”

సర్దుకోలేదు. ఎండాకాలపు చివరి మెట్టు దాకా వచ్చి, అక్కడ ఆగి, వచ్చిన దారినే ఉత్తరానికి తిరిగాడు. పెళ్ళిపందిరి గుంజ దాకా వచ్చి చెప్పులు మరిచిపోయానని ఇంటికి వెళ్ళిపోయిన పెళ్ళికొడుకు కంటే అన్యాయం. సూర్యుడు ఏటా రెండు కొసల మధ్య తిరుగుతాడని, నడిమధ్యన ఉన్నదే తూర్పు అని ఊరికి ఉపన్యాసమిచ్చింది నేనే. నా గుమ్మం మధ్యన కాదు, ఆ రెండో కొసకు కూడా అవతల ఉంది. సూర్యుడు ఎప్పటికీ చేరని చోట.

దీన్ని ఒప్పుకోవచ్చు. కాని కొలవలేనివాడు సూర్యుడు ఓడు అన్నాడట. “బుసోల్ అబద్ధం ఆడదు,” అంటూనే తిరిగాను. పంతులు గారు మాత్రం ఉంగరం తిప్పుకుంటూ, “ఆ నిమిషంలోనే బయటికొచ్చింది. నాను సెప్పలేదూ?” అని ప్రతి ఇంటి దగ్గరా చెప్పారు. అమ్మమ్మ ఏమీ అనలేదు. ‘పోతాను’ అని కూడా అనలేదు. పులుసులో ఉప్పే లేని రోజు కూడా ఊరుకుంది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

రామనవమి వచ్చింది. అందరూ తెల్లవారకముందే చేరారు. దొర దగ్గర మళ్ళీ అడిగి తెచ్చిన దిక్సూచితో నేనూ వెళ్ళాను, ముల్లు నా పక్షాన సాక్ష్యం చెబుతుందని. సూర్యుడు లేచాడు. ఎక్కడ లేవాలో సరిగ్గా అక్కడే లేచాడు. వెలుగు గుడి పక్కగోడను బయటినుంచి వెచ్చగా కాచింది. గుమ్మం రాయిని ఒరుసుకుని ఆగిపోయింది. లోపల రాముడు చీకట్లోనే ఉన్నాడు.

మావయ్య నా వైపు తిరిగి, మెల్లగా అన్నాడు: “సందేళ సీనా ఆయన లాంతరెలుగు మాత్రం నేరుగా రాముడి మొకానే పడతాది. దానికైతే శాస్త్రం సరిగ్గానే పనిసేసింది.”

ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మను చూస్తున్నారు.

అమ్మమ్మ లోపలికి వెళ్ళింది. రాముణ్ణి కొంగులో పట్టుకుని బయటికి వచ్చింది. తిన్నగా నల్లరాయి దగ్గరికి నడిచి, దాని మీద పెట్టి, సూర్యుడి వైపు తిప్పింది. ఇత్తడి మొహం భగ్గుమంది. ఎన్నేళ్ళ పొగో, దాని కింద నవ్వు ఉందని అప్పుడే తెలిసింది.

“ఇదుగో, ఎండ,” అంది. “పంతులూ, మంత్రం సెప్పు.”

పంతులు గారు మొదలుపెట్టారు. దణ్ణం పెట్టుకుందామని నేనూ రాయి దగ్గరికి వెళ్ళాను, చేతిలో దిక్సూచితో. ముల్లు గిర్రున తిరిగింది. ఆగాను. రెండడుగులు వెనక్కి వేశాను. పాత చోటికి వచ్చింది. ముందుకు వేశాను; మళ్ళీ తిరిగింది. రాయి చుట్టూ నడిచాను. ముల్లు గానుగెద్దులా నాతో పాటే ప్రదక్షిణం చేసింది.

“రాయి!” అని అరిచాను. “మావయ్యా, రాయి! ఇది అయస్కాంతం! ముల్లును తనవైపు లాగేసింది!”

మంత్రం ఆగింది. ఊరంతా నా వైపు చూసింది. అమ్మమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, తీరిగ్గా అడిగింది:

“మా అందరి ఇనుమూ ఇప్పించేవు బాబూ. నా అడకత్తెర కూడా ఇప్పించేవు. కింద రాయిని అడిగేవేటి, ‘నీ దగ్గరేముందమ్మా’ అని?”

అప్పుడు నవ్వారు. పిన్నుల ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది.

సోమవారం దొరకు చెబితే, నవ్వు పట్టలేక గొడుగు ఆయనే మోసుకున్నాడు. మా దీవి అంతా అగ్నిపర్వతం కక్కిన రాయట. అందులో ఇనుము కలిసే ఉంటుందట. దాని మీద పిడుగు పడితే అది నిఖార్సైన అయస్కాంతమవుతుందట. అందరికీ దిక్కు చెప్పే ముల్లు ఆ రాతి మీద పడిందన్నమాట. ముక్కాలి పీట మీద, దూరంగా పెట్టి ఉంటే, పొన్నుల ఇనుము చేసే కీడు దీని ముందు ఆవగింజ.

పంతులు గారు మాత్రం పిడుగునూ రాయినీ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే ఉంగరం తీసి నా వేలికి తొడిగేశారు. “నీ మీదికి రమ్మన్నావు కదా, ఉంచుకో.” ఆ ఉంగరం మహిమ నిజమే. ఇనప ఉంగరం వేలికి ఉన్నవాణ్ణి దొర దిక్సూచి ముట్టుకోనివ్వలేదు. నా వల్ల మరే గుడీ వంకరపోలేదు.

కాబట్టి ఇత్తడి రాముడి మీద, పిడుగు రాయి మీద, అమ్మమ్మ అడకత్తెర మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక ఈ జన్మలో ఎదుటివాడి మొలలో ఇనుము వెతికేముందు నా కాళ్ళ కింద ఏముందో చూసుకుంటాను. సూర్యుడితో వాదానికి దిగను. దిగినా, పొద్దున్న పూట దిగను.

గుడి సంగతి అడుగుతారేమో. అసలు తూర్పు వైపున్న పక్కగోడకు, పొద్దుటెండ రాముడి మొహాన పడేలా కిటికీ పెట్టించాం. మేస్త్రీకి ఒక పూట పని. వాన పడితే మూసేస్తాం.