బండి ఉంటే మనిషి ఉన్నట్టే

మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు మారుతుంటే, నా ముందు ఒక పెద్దాయన పాత న్యూస్‌పేపర్లో చుట్టిన ఫొటో ఫ్రేమును గుండెకు ఆనించుకుని మెట్లెక్కుతున్నాడు. వెనకనించి జనం తోసుకొస్తున్నారు. ఆ తోపులాటలో ఫ్రేము నా ముక్కుదాకా వచ్చింది. కొత్తగా కోసిన చెక్క, ఇంకా పూర్తిగా ఆరని జిగురు, పైన కాస్త వార్నిష్. ఆ వాసన వెంటపడి నేను ఎక్కాల్సిన మెట్లు కాక ఆయన ఎక్కే మెట్లెక్కి, నా రైలు పోగొట్టుకున్నాను. అది యాదగిరి అన్న చొక్కా వాసన. పంజాగుట్ట సందులో ఆయన ఫ్రేముల షాపు ఉన్నచోట ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఒకరోజు అక్కడ ఆగి, ఇక్కడ ఇంతకుముందు ఏముండేదో తెలుసా అని అడిగాను. తెలియదన్నారు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. అది నేను గుర్తుపెట్టుకున్నాను. ఇలాంటివి నేను మరిచిపోను.

ఆయనతో నా పరిచయమే ఒక ఫిర్యాదుతో మొదలైంది. భీమవరం నుంచి ఉద్యోగానికి వచ్చి అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటున్న కొత్తలో, మా నాన్న ఫొటో ఒకటి ఫ్రేము కట్టించాను. గదికి తెచ్చి చూస్తే అద్దం లోపల, సరిగ్గా నాన్న చెవి దగ్గర, ఒక దుమ్ము కణం. వెనక్కి పట్టుకెళ్ళాను. నేను ఎక్కడికి ఏ వస్తువు తిరిగి పట్టుకెళ్ళినా ముందు వస్తువును కాదు, నన్ను ఎగాదిగా చూసేవాళ్ళు. యాదగిరి అన్న నన్ను చూడలేదు. ఫ్రేమును వెలుతురుకు పట్టి చూసి, మేకులు పీకి, అద్దం విప్పి తుడిచి మళ్ళీ బిగించి ఇచ్చాడు. మర్నాడు ఇంకో కణం కనపడింది. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ విప్పాడు. మూడోసారి వెళ్ళేసరికి పక్కన కళ్ళద్దాల షాపు మొయిన్ భాయ్ అక్కడే కూచుని చాయ్ తాగుతున్నాడు.

"అరె యాదన్నా, గీ సారుకి దుమ్ము గాదు, నువ్వే నచ్చినట్టున్నవ్. రోజు ఒస్తుండు" అన్నాడు.

నాకు మండింది. "నేనేమీ సరదాకి రాలేదండీ. యాదగిరి గారూ, కావాలంటే మీరే చూడండి."

"చూస్తనే ఉన్న. ఉంది దుమ్ము. మస్తు కండ్లున్నయ్ నీకు" అంటూ ఆయన మళ్ళీ మేకులు పీకాడు. "గారు గీరు వద్దు, అన్న అను. సైకిలొస్తదా? ఐతారం మాతోని రా. గంత సన్నది సుత కనవడే కండ్లు ఈ సందుల ఉండి ఏం జేస్తయ్?"

అట్లా చేరాను ఆ గుంపులో. ప్రతి ఆదివారం హైదరాబాదు దాటి ఒక పూటలో వెళ్ళొచ్చే చోటికి, ఒక చెరువుకో, కోటకో, రాళ్ళ గుట్టకో వెళ్ళేవాళ్ళం. సైకిళ్ళవాళ్ళం తెల్లవారకముందే బయలుదేరేవాళ్ళం. మోటార్‌సైకిళ్ళవాళ్ళు తీరిగ్గా టిఫిన్ చేసి వచ్చి దారిలో మమ్మల్ని దాటిపోయేవాళ్ళు. అందరం చేరేచోట చాయ్, ఆ తర్వాత ఒక ఫొటో. దారిలో ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకోవచ్చు. గడ్డి మోపుల బండ్లూ, నీళ్ళలో గేదెలూ, మలుపులో కనిపించే కొత్త బిల్డింగులూ. కానీ ఆఖరి ఫొటో మాత్రం యాదగిరి అన్నదే. తన నల్ల మోటార్‌సైకిల్ సీటు మీద తువ్వాలు మడతపెట్టి, దాని మీద కెమెరా ఆనించి, టైమర్ నొక్కి పరిగెత్తుకొచ్చి చివర నిలబడేవాడు. బుధవారానికల్లా ఆ ఫొటో ఫ్రేములోకి ఎక్కి షాపు గోడ మీద వేలాడేది, దేవుళ్ళకూ దండలు వేసిన పెద్దవాళ్ళకూ మధ్యలో.

ఆఖరి సైకిల్ వచ్చేదాకా ఫొటో తీయకూడదన్నది ఆయన పెట్టిన నియమం. ఎండ ఎక్కుతున్నా, మొయిన్ భాయ్ బిర్యానీ పేరెత్తి సణుగుతున్నా కదిలేవాడు కాదు. ఆఖరి సైకిల్ ఎప్పుడూ నాదే. రొప్పుతూ నేను చేరేసరికి అందరూ చెమటలు కక్కుతూ నాకోసం నిలబడి ఉండేవాళ్ళు. చిన్నప్పటినుంచీ ఏ గుంపులోనూ నాకోసం ఎవరూ ఆగింది లేదు. బడి ఫొటోలో మాస్టారు నన్ను వెనక వరసలో పొడుగువాడి వెనకాల నిలబెట్టాడు, అందులో నా నుదురు మాత్రమే ఉంది. అందుకే ఆ ఆదివారాల ఫొటోలో నా చోటు నాకు చాలా పెద్ద విషయం. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

అయితే అందరూ వచ్చారో లేదో చూడడానికి యాదగిరి అన్న మనుషుల్ని లెక్కపెట్టేవాడు కాదు. బండ్లను లెక్కపెట్టేవాడు. "మనుషులు చాయ్‌కి పోతరు, చెట్టు చాటుకి పోతరు, ఒక్కకాడ నిలవడరు. బండి ఏడికి పోతది? బండి ఉంటే మనిషి ఉన్నట్టే" అనేవాడు. ఆ లెక్క తప్పు అని నేను మొదట్లోనే చెప్పాను. ఎవరూ వినలేదు.

గండిపేట వెళ్ళిన ఆదివారం నార్సింగి దాటాక నా సైకిల్ వెనక టైరు పంక్చరైంది. నాతో బయలుదేరిన శ్రావణి, మా గుంపులో సైకిల్ మీద అందరికంటే ముందుండే అమ్మాయి, అప్పటికే కనుచూపు మేర దాటిపోయింది. ఆ పొద్దున ఏ పంక్చరు షాపూ తెరవలేదు. ఒక ట్రాలీ ఆటో ఆగింది. డ్రైవరు పక్కన భార్య, ఒళ్ళో పాప. "ముంగట జాగ లేదు సార్. ఎన్క సామాన్ల కూసోండ్రి" అన్నాడు.

సామాన్లలో కూచోమనడం నాకు నచ్చలేదు. సైకిల్‌ను ఎక్కించి, చెరువు దగ్గర చాయ్ దుకాణం పక్కన దించమని చెప్పి, నేను నడిచాను. ఫోన్ నా జేబులోనే ఉంది. చెయ్యలేదు. నేను రాలేదని గమనించాల్సింది వాళ్ళు, చెయ్యాల్సింది వాళ్ళు.

ఆ డ్రైవరు సైకిల్‌ను మా బండ్ల మధ్య దించి, ఎవరికీ చెప్పకుండా తన దారిన పోయాడు. నేను చేరేసరికి అందరూ కట్ట దిగి వస్తున్నారు. నన్ను చూసి మొయిన్ భాయ్ "చాయ్ తాగినవా?" అన్నాడు. ఫొటో అయిపోయింది.

బుధవారం షాపుకు వెళ్ళి గోడమీద చూశాను. వెనక నీళ్ళు, ముందు అందరూ, చివర యాదగిరి అన్న. నా సైకిల్‌కు స్టాండు విరిగి అప్పటికి చాలాకాలమైంది. అది పడిపోకుండా ఒక చేత్తో దాని హ్యాండిల్ పట్టుకుని, ఆయన నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. సైకిల్ ఉంది. నేను లేను.

"ఏంటన్నా ఇది?"

"చెప్పిన గదనే. లెక్క సరిపోయింది. నువ్వు చాయ్ కాడ ఉన్నవనుకున్న."

"సైకిల్ చేత్తో పట్టుకున్నావు. దాని మనిషి పక్కన లేడని తెలీలేదా?"

"నీ సైకిలుంది గద. నువ్వు ఉన్నట్టే తీయ్, ఫికర్ చెయ్యకు."

ఇంతలో మొయిన్ భాయ్ తన షాపులోంచి తల బయటపెట్టి, గోడమీది ఫొటోలన్నీ ఒకసారి చూసి, "సైకిలుండి మనిషి లేడంటే, దండ ఒక్కటే తక్కువుంది భాయ్" అన్నాడు. షాపులో ఉన్న గిరాకీలందరూ నవ్వారు. యాదగిరి అన్న కూడా నవ్వాడు. నేను బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఆదివారాలు వెళ్ళడం మానేశాను. కానీ ఆఫీసు బస్సు ఎక్కాలంటే ఆ సందు దాటాల్సిందే. రోడ్డు అవతలి వైపు నుంచి, మొహం తిప్పుకుని నడిచేవాణ్ణి. మొహం తిప్పుకున్నా ఒక సంగతి కనిపించింది. నేను సందులోకి రాగానే ఆయన స్టూలు మీంచి లేచి ఆ ఫ్రేమును గోడకేసి తిప్పేవాడు. నేను దాటిపోయాక మళ్ళీ ఇటు తిప్పేవాడు. ఎండాకాలం పోయి వానలొచ్చినా ఆ పని మానలేదు. ఒకరోజు గిరాకీల మధ్యలో ఉండి మరిచిపోయినట్టున్నాడు. నేను ఆగి, గట్టిగా దగ్గాను. ఆయన చేతిలోని సుత్తి కింద పెట్టి, పరిగెత్తుకెళ్ళి తిప్పాడు. ఆ సాయంత్రం హాస్టల్‌లో నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వొచ్చినంత మాత్రాన కోపం పోయినట్టు కాదు.

వానలు కాస్త తెరిపిచ్చాక ఒక ఆదివారం పొద్దున్నే మా హాస్టల్ కింద మోటార్‌సైకిల్ మోగింది. రెండో అంతస్తుకు వినపడేట్టు అరిచాడు. "ఓ భీమవరం! దిగుతవా, నన్ను ఎక్కుమంటవా?"

దిగాను. "ఏంటి?"

"నడువు. నీ ఫొటో బాకీ ఉన్న. సైకిల్ తీసుకొని శ్రావణి ముందే పోయింది."

"నా సైకిలా? నన్నడక్కుండా?"

"అడిగితె ఇయ్యవు. వాచ్‌మన్‌ని అడిగితె ఇచ్చిండు."

దారి పొడుగునా ఆయన వెనక కూచుని వాచ్‌మన్‌ను తిట్టాను. గండిపేట కట్టమీద అందరూ ఉన్నారు. ఆనాటి ఫ్రేమును షాపు గోడమీంచి తెచ్చి చాయ్ దుకాణం బల్లమీద పెట్టారు. దాన్ని చూస్తూ ఎవరెక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడ్డారు. మొయిన్ భాయ్ ఆ రోజు వేసుకున్న పచ్చ చొక్కా వెతికి మరీ వేసుకొచ్చాడు, గుండీలు పట్టకపోయినా. ఇంతమంది ఒక ఆదివారం పోగొట్టుకుని ఇదంతా నాకోసం చేశారు. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది. అయినా నా నోరు ఊరుకోదు.

"ఆ రోజు ఎండ ఉంది. ఈ రోజు మబ్బు. అదే ఫొటో ఎలా అవుతుంది?" అన్నాను.

మొయిన్ భాయ్ తల పట్టుకున్నాడు. "యాదన్నా, గీయనకి సూర్యుణ్ణి సుత తెచ్చియ్యి."

యాదగిరి అన్న మాత్రం మబ్బుకేసి చూశాడు, మా నాన్న ఫ్రేములో దుమ్మును చూసినట్టే. "నిజమే. ఎండొచ్చేదాంక ఆగుదాం" అన్నాడు. ఆగారు. ఒక్కరూ కదల్లేదు. మబ్బు విడిచి పలచగా ఎండ పడింది. టైమర్ నొక్కితే ఆ పాత కెమెరాలో అది పనిచెయ్యలేదు. వానకు తడిసిందేమో. రెండోసారి నొక్కినా అంతే. పైగా తడిమట్టిలో ఆయన మోటార్‌సైకిల్ స్టాండు దిగబడి బండి ఒరుగుతోంది.

"కెమెరా నేను పట్టుకుంట. నువ్వు జర నా బండి పట్టుకో" అని దాన్ని నా చేతికిచ్చాడు. సైకిల్ శ్రావణికిచ్చి, బండి హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన కెమెరా కన్నుకానించుకుని వెనక్కి వెనక్కి నడిచి, చాయ్ దుకాణం గోడకు తగిలి ఆగాడు.

"అన్నా, నువ్వు లేవుగా ఇందులో!" అని నేనే అరిచాను.

"నా బండుంది గద!" అన్నాడు. క్లిక్‌మంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయనతో తిరిగాను. మేమిద్దరం ఉన్న గుంపు ఫొటోలు బోలెడున్నాయి. మా గొడవ మాత్రం తెగలేదు. బండి ఉంటే మనిషి ఉన్నట్టే అని ఆయన, మనిషి ఉంటేనే ఉన్నట్టు అని నేను. ఎవరి పట్టు వాళ్ళదే. ఒక్క మార్పు మాత్రం జరిగింది. ఆయన బండ్లను లెక్కపెట్టాక, నా వైపు చూసి, మనుషుల్ని కూడా లెక్కపెట్టేవాడు. "భీమవరం కోసం" అనేవాడు. నేను గెలిచానని అప్పుడు అనుకున్నాను.

గుండెపోటుతో ఆయన పోయిన రోజు, ఆయన భార్య లక్ష్మి వదిన నన్నే పిలిచింది. గోడకు పెట్టడానికి ఫొటో కావాలి. ఊరందరి ఫొటోలకూ ఫ్రేములు కట్టిన మనిషికి, ఒక్కడే ఉన్న ఫొటో ఒక్కటి కూడా లేదు. అన్నీ గుంపులో చివరన నిలబడినవే. వదిన అన్నీ చూసి, గండిపేట మొదటి ఫొటో దగ్గర ఆగింది. "ఏమనుకోకు తమ్మీ. నీకు గీ ఫొటో అంటె కోపమని ఎరుకే. గని నవ్వుడు గిండ్లనే మంచిగుంది" అంది.

నేనే స్టూడియోకు పట్టుకెళ్ళాను. ఆయన ఒక్కడినే తీసి పెద్దది చేశారు. మూలకు నా సైకిల్ హ్యాండిల్, దాని మీద ఆయన చెయ్యి వచ్చాయి. కంప్యూటర్ ముందున్నాయన "ఈ హ్యాండిల్ తీసేస్తాను సార్, నీట్‌గా ఉంటది" అన్నాడు. తియ్యొద్దన్నాను. పెద్దవాళ్ళ ఫొటోలో సైకిలేంటి సార్, ఎవరూ పెట్టుకోరన్నాడు. అక్కడే గొడవ పెట్టుకున్నాను. జీవితంలో నేను చేసిన ఫిర్యాదులన్నిటిలోకీ గట్టిగా చేసింది అదే. చివరికి అలాగే ఇచ్చాడు. ఇప్పటికీ వాళ్ళింట్లో ఆ దండ కింద, కుడివైపు మూలన, నా సైకిల్ ఉంటుంది.

ఆఫీసులో ఎవరైనా ఏదైనా బాగాలేదని వస్తే, నేను ముందు ఆ మనిషిని చూడను. వాళ్ళు తెచ్చినదాన్ని వెలుతురుకు పట్టి చూస్తాను. ఈ అలవాటు ఎక్కడిదో ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు మేము ఇంకా తిరుగుతున్నాం. మొయిన్ భాయ్ ఇంకా సణుగుతున్నాడు. మనుషుల్ని పేరుపేరునా పిలిచి లెక్కపెట్టే పని నాది. యాదగిరి అన్న లెక్క తప్పని ఈ రోజుకీ అంటాను.

మా ఇంట్లో గోడమీద ఉన్నది గండిపేట రెండో ఫొటో. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి, ఈ నల్ల బండి నీదా అని అడుగుతారు. కాదు, యాదగిరి అన్నది అంటాను. వీళ్ళలో ఆయన ఎవరు అని అడుగుతారు. నేను లేచి దగ్గరికి వెళ్ళి, అద్దం మీద ఏ దుమ్మూ లేకపోయినా ఒకసారి తుడిచి, బండి మీద వేలు పెట్టి చూపిస్తాను.

"ఇదిగో, ఈయనే."