జిగురత్త మూసిన కుట్లు

ఆ వర్క్‌షాపులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. నిన్న చేరిన దర్జీ దగ్గర్నుంచి యజమాని దాకా అందరికీ ఆమె జిగురత్తే. వానకోటుకు కుట్లు పడ్డాక, వాటి మీద లోపలివైపు రబ్బరు జిగురు పూసి, పైన సన్నటి పట్టీ అతికించి, నీటి చుక్క దూరకుండా చేయడం ఆమె పని. ముప్పై మూడేళ్లుగా అదే పని. బ్రష్షుతో పూస్తే మందం తెలియదని వేలితోనే పూసేది. ఆమె భర్తకు సైకిళ్ల రిపేరు దుకాణం ఉంది. పంక్చర్లకు ఆయనా అలాంటి జిగురే వాడతాడు. ఇన్నేళ్లు విడిపోకుండా ఉన్నామంటే అది ప్రేమ కాదు, జిగురు మహిమ అని చుట్టాలను నవ్వించేవాడు.

అక్కడ తయారయ్యే కోటు ఈనాటిది కాదు. ఇప్పటి యజమాని తాత, గుర్రపుబళ్లు తోలేవాళ్ల కోసం గీసిన నమూనా అది. కూర్చుంటే మోకాళ్లు తడవకుండా కింది అంచు వెడల్పుగా ఉంటుంది. వెనక చీలిక లోపల ఇంకో మడత, భుజాల మీద ఇంకో పొర, చంకల్లో గాలి ఆడడానికి చిన్న చిన్న ఇత్తడి కన్నాలు. గుర్రాలు పోయాయి, బళ్లు పోయాయి, కోటు మాత్రం అలాగే నిలిచింది. గుడ్డలోనే ఉంది దాని గొప్ప. రెండు నూలు గుడ్డల మధ్య పల్చటి రబ్బరు పొర. ఆ గుడ్డలోంచి నీరు రాదు. వస్తే సూది గుచ్చిన చోటునుంచే రావాలి.

పంతొమ్మిదో ఏట ఆమె పనిలో చేరినప్పుడు, యజమాని తండ్రి ఆ సంగతే మొదట చెప్పాడు. దర్జీ పెట్టిన ప్రతి కన్నమూ వానకు తీసిన తలుపేననీ, ఆ తలుపులన్నీ మూయడం ఆమె వంతనీ అన్నాడు. ఒక పూత పూసి, వేలు ఆనిస్తే అంటకుండా ఆరేదాకా ఆగాలి. ఆగలేక రెండో పూత పూస్తే లోపల బుడగ నిలుస్తుంది. ఆ ఆగడం నేర్చుకోవడానికే ఆమెకు ఏడాది పట్టింది.

తరవాత ప్లాస్టిక్ కోట్లు వచ్చాయి. మడిచి జేబులో పెట్టుకునేవి, ఒక్క వానాకాలానికే చిరిగిపోయేవి. నలభైమంది పనివాళ్లు ఏడుగురయ్యారు. రోజంతా వానలో నిలబడక తప్పనివాళ్లు మాత్రం ఇంకా ఇక్కడికే వచ్చేవారు. పడవలవాళ్లు, కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్లు.

ఆ ఏడాది లైన్‌మన్ల కోసం నలభై కోట్ల ఆర్డరు వచ్చింది. అప్పటికే కొన్ని నెలలుగా జిగురత్త కళ్ల ముందు మంచు తెర కట్టినట్టుంది. దీపం చూస్తే చుట్టూ వలయాలు కనబడేవి. ఎవరికీ చెప్పలేదు. కళ్లు కనపడవని తెలిస్తే ఇక రావద్దంటారేమోనని భయం. నల్ల గుడ్డ మీద నల్ల దారం ఆమెకు అసలు ఆనేది కాదు. వేలితో కుట్టు వెతుక్కుని, వేలితోనే పూసి, తడిమి చూసి పక్కన పెట్టేది. అలాగే నలభై కోట్లూ పూర్తిచేసింది.

వానలు మొదలైన మూడో వారంలో ఒక లైన్‌మన్ కోటు చేతిమీద వేసుకుని వచ్చాడు. గొడవ పెట్టుకోవడానికి రాలేదు. స్తంభం మీద ఉండగా ఎడమ భుజం దగ్గర్నుంచి మోచేతి దాకా చల్లటి నీరు దిగిందనీ, ఒళ్లు జలదరించి పట్టు జారబోయిందనీ, నడుముకు బెల్టు ఉండబట్టి బతికిపోయాననీ నెమ్మదిగా చెప్పాడు. అయిదు రోజులు జ్వరం కాసిందట. మిగతావాళ్లూ ఇవే వేసుకుంటున్నారు కదా, చెప్పకపోతే తప్పవుతుందని వచ్చానన్నాడు.

యజమాని కాలరు మడత విప్పి చూశాడు. పట్టీలు అతికించిన మనిషి గుర్తు అక్కడ ఉంటుంది. పసుపు దారం ముడి. అది జిగురత్తది.

ఆమెకు మిగతా ముప్పై తొమ్మిది కోట్లూ ముప్పై తొమ్మిది స్తంభాల మీద కళ్లకు కట్టాయి. యజమాని లైన్‌మన్‌కు వేరే కోటు ఇచ్చి, దీన్ని రేపు పరీక్షిద్దామన్నాడు. ఆమె నోరు మెదపకపోతే ఆ పూటకు ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ రాత్రి కంటిమీద కునుకు ఎలా వస్తుంది?

"రేపు కాదు బాబూ, ఇప్పుడే చూద్దాం. నీళ్లు పోసేముందు నీకో మాట చెప్పాలి. నాకు ఎనిమిది నెలలుగా చూపు సరిగా లేదు. ఈ నలభై కోట్లూ తడుముకుంటూ చేశాను. తప్పు నాదే అయితే అన్నిట్లోనూ ఉంటుంది."

యజమాని చిన్నప్పుడు ఆమె బల్ల కిందే ఆడుకుని పెరిగినవాడు. లేచి బకెట్లో నీళ్లు తెచ్చాడు.

కోటును లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి, ఎడమ చేతి కొసను తాడుతో బిగించి, చంకలోని ఇత్తడి కన్నాలకు మైనం పెట్టి, కొక్కేనికి తగిలించి భుజం దాకా నీళ్లు పోశారు. చేయి కొండచిలువలా ఉబ్బింది. కింద పాత కాగితాలు పరిచారు. లైన్‌మన్ కూడా వెళ్లకుండా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పావుగంట గడిచాక కాగితం మీద టప్పున ఒక చుక్క పడింది. జిగురత్త కళ్లు మూసుకుంది.

యజమాని టార్చి వేసి చూశాడు. తడిసిన నల్ల గుడ్డ మీద ఎక్కడ కారుతోందో అంతుపట్టలేదు. అప్పుడు ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, భుజం చుట్టూ ఉన్న పట్టీ మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయింది. పొడి. ఇంకొంచెం జరిపింది. పొడి. చుట్టూ తిరిగి మళ్లీ మొదటికొచ్చింది, అంతా పొడే. పట్టీకి రెండు వేళ్ల కింద, కుట్టన్నదే లేనిచోట, వేలికి చెమ్మ తగిలింది. ఆగి నొక్కి చూసింది. సన్నటి కన్నాలు, వరసగా ఉన్నాయి. కిందికి తిరిగి, పక్కకు తిరిగి, అరచేయంత చదరం కట్టాయి.

"నాయనా, ఇక్కడేమన్నా కుట్టి విప్పేశావా?" అని లైన్‌మన్‌ను అడిగింది.

అతని ముఖం పాలిపోయింది. ఆఫీసులో కోట్లు తారుమారవుతున్నాయని తన నంబరు గుడ్డ కుట్టించాడట. పై అధికారి అవన్నీ తీసేయమంటే విప్పేశాడట. "మా ఆవిడ కుట్టిందండీ. గట్టిగా కుట్టమని నేనే చెప్పాను" అన్నాడు తల దించుకుని.

జిగురత్త అక్కడే నేలమీద కూలబడింది. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. రెండూ కలిసి కాసేపు ఆమెను ఊపేశాయి. లైన్‌మన్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తాగాక పెద్ద ఊపిరి వదిలి, నంబరు కావాలంటే ఇంకెప్పుడూ సూది పెట్టవద్దనీ, గుడ్డ తెస్తే తానే జిగురుతో అతికిస్తాననీ అతనికి చెప్పింది.

"అత్తా, భుజం సంగతి తేలింది. కళ్ల సంగతి తేలలేదు. రేపు ఆస్పత్రికి వెళ్తున్నాం" అన్నాడు యజమాని.

"మరి నా పని?"

"పని మీ కోసం ఆగుతుంది. కళ్లు ఆగవు."

అయినా యజమాని మిగతా కోట్లన్నీ విడతలుగా తెప్పించి నీళ్లు పోయించాడు. ఒకే ఒక్కదానికి చంక దగ్గర జిగురు పల్చబడి చెమ్మ కనిపించింది. అది మాత్రం నిజంగా ఆమె చేతి పొరపాటే. వేసుకున్నవాడికి ఇంకా తెలియనే లేదు. ఆమె దాన్ని దాచలేదు. పట్టీ ఊడదీసి మళ్లీ మొదటినుంచి అతికించి, మళ్లీ నీళ్లు పోయమని నిలబడి చూసింది.

డాక్టరు చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయనీ, ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చావనీ మందలించాడు. ఇంట్లో చెప్పినప్పుడు భర్త ఆశ్చర్యపోలేదు. కప్పు నిండాక కూడా టీ పోస్తుంటే అనుమానం వచ్చిందట. అడిగితే బాధపడుతుందని ఊరుకున్నాడట. ఆ రోజు ఆమె పొద్దుగూకకముందే కడుపునిండా తిని, చాలా నెలల తరవాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

ఒక కంటికి ఆపరేషన్ అయ్యి, కట్టు విప్పిన రోజు ఆమె మొదట చూసింది ఎదురుగా నిలబడ్డ భర్తనే.

"ఇదేంటి, మీ జుట్టు ఎప్పుడింత తెల్లబడింది?"

"ఎప్పుడో తెల్లబడింది. నీకు కనపడట్లేదని తెలిశాక రంగేయడం మానేశాను" అన్నాడాయన.

పక్క మంచం మీది పేషెంటు కూడా నవ్వాడు. ఆ తెల్ల జుట్టే బాగుందని, ఇక అలాగే ఉంచమని భర్తకు చెప్పి, ఆమె తన చెప్పులు ఎక్కడున్నాయో ఎవరినీ అడగకుండా తానే చూసి తొడుక్కుంది.