రాఘవేందర్ మార్చిన గురక మిషన్

మంఖాల్ ఊరి రాఘవేందర్‌ది మొక్కజొన్న పండించే కుటుంబం. ఐటీఐ చదివి, కొత్తూరులో ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేశాక, దవాఖాన యంత్రాల రిపేరు నేర్చుకున్నాడు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బున్నవాళ్లు రాత్రిళ్లు ముఖానికి తగిలించుకునే బైపాప్ యంత్రాలను బాగుచేయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. ఊళ్లో వాళ్లు వాటిని గురక మిషన్లు అంటారు.

2021 మే నెల, కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. ఒక మధ్యాహ్నం శంషాబాద్‌లోని చిన్న దవాఖాన నుంచి డాక్టర్ అరుణ ఫోన్ చేసింది.

"రాఘవేందర్, మా వెంటిలేటర్లు రెండూ ఖాళీ లేవు. సిటీల ఎక్కడ అడిగినా బెడ్ లేదంటున్నరు. ఒకామె ఆక్సిజన్ డెబ్బై ఆరుకు పడిపోయింది. బైపాప్‌ని మార్చి పెడదామా?"

"మేడమ్, గవి ఇంట్ల నిద్రకు పెట్టుకునేటివి. పాణం మీదికొచ్చినోళ్లకు పెట్టాల్నంటే నాకు భయమైతుంది."

"భయం నాకూ ఉంది. ఏం మార్చాల్నో నేను చెప్త. జల్ది రా."

అతని దగ్గర ఒక్క యంత్రం కూడా లేదు. శంషాబాద్‌లోనే ఉండే, తాను గురక మిషన్ బాగుచేసిపెట్టే అనంతయ్య ఇంటికి వెళ్లి అడిగాడు. ఆ పెద్దాయన తన మంచం పక్కనున్న యంత్రం తీసి చేతిలో పెట్టాడు.

"మరి నీకెట్ల బాపూ?"

"నాలుగు దినాలు పక్కకు తిరిగి పండుకుంట. నువ్వు పో."

దవాఖాన వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. అరుణ చెప్పినట్టు ముందు సిలిండర్ నుంచి ఆక్సిజన్ కలిసేలా గొట్టానికి ఒక చిన్న పాయ గొట్టం తగిలించాడు. రోగి వదిలే గాలితో వార్డంతా వైరస్ వ్యాపించకుండా మాస్కు దగ్గర ఫిల్టర్ అమర్చాడు. గొట్టం ఊడితే తెలిసేదెలా? నీళ్ల ట్యాంకు నిండితే మోగే బజర్‌ను తెచ్చి, గాలి ఒత్తిడి పడిపోగానే మోగేలా కలిపాడు. ఒక రబ్బరు గ్లౌజును ఊపిరితిత్తిలా గొట్టానికి కట్టి గంటసేపు నడిపించి చూశాడు. గ్లౌజు వేళ్లు ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటే అరుణ పక్కనే నిలబడి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టింది.

రోగి పేరు స్వరాజ్యం. ఆమె కూతురు పూర్ణిమ తలుపు దగ్గర ఎదురొచ్చింది.

"అన్నా, గిది మా అమ్మకు పనిచేస్తదా?"

"చేస్తదనే అనుకుంటున్న చెల్లె. నేనైతే ఈడికెల్లి కదల."

మాస్కు బిగించారు. ఆక్సిజన్ అంకె ఎనభై అయింది. చాలాసేపు అక్కడే ఆగింది. రాఘవేందర్ గొట్టం అతుకులు మరోసారి తడిమి చూశాడు. తర్వాత ఎనభై నాలుగు, ఎనభై ఎనిమిది. సాయంత్రం ఐదున్నరకు తొంభై ఒకటి చూపించగానే అరుణ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "ఇగ కూసో రాఘవేందర్," అంది.

మూడో రోజు స్వరాజ్యం పక్కకు ఒరిగినప్పుడు గొట్టం ఊడింది. బజర్ మోగింది. నర్సు మనీషా పరుగెత్తుకొచ్చి క్షణాల్లో బిగించింది. ఆరో రోజుకు స్వరాజ్యానికి మామూలు ఆక్సిజన్ మాస్కు సరిపోయింది. కాసేపు దాన్ని పక్కకు జరిపి, కూతురితో బొంగురు గొంతుతో అంది: "బిడ్డా, జర పచ్చిపులుసు తెస్తవా?"

పూర్ణిమ నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. రాఘవేందర్ బయటికొచ్చి ముఖం కడుక్కున్నాడు.

ఆ నెలలో అతను అలాంటివే మరో మూడు యంత్రాలు మార్చాడు. బిక్షం అనే ముసలాయన మాత్రం దక్కలేదు. ఆయన ఊపిరితిత్తులు అప్పటికే పూర్తిగా దెబ్బతిన్నాయని అరుణ చెప్పినా, రాఘవేందర్ రెండు రోజులు సరిగా తిండి తినలేదు. మిగతా ముగ్గురూ నడుచుకుంటూ ఇళ్లకు వెళ్లారు.

ఇంట్లోవాళ్లకు అంటుతుందేమోనని నెలంతా చేను దగ్గరి మోటారు గదిలోనే పడుకున్నాడు. కరోనా పరీక్షలో ఏమీ లేదని తేలిన పొద్దున తల్లి చంద్రమ్మకు ఫోన్ చేశాడు.

"అవ్వా, ఇంటికొస్తున్న."

"నీళ్లు కాగవెట్టిన, జల్ది రా," అంది ఆమె.