చెవుల్లో దూది

ఆ ఇన్సూరెన్సు ఏజెంటు నాకు ఇప్పటికీ అర్థం కాడు. ఛత్రినాకలో మేం నలుగురం ఒకే గది అద్దెకు తీసుకుని, తలా ఒక బల్ల వేసుకుని పనిచేసేవాళ్లం. నాది టైపు మిషను. నేను కొట్టడం మొదలుపెట్టగానే పక్క బల్ల నుంచి ఆయన, "ఏంది భాయ్ గీ లొల్లి!" అని విసుక్కుంటూ చెవుల్లో దూది కుక్కుకునేవాడు.

చివరికి దబీర్‌పురాలో సొంతంగా గది చూసుకుని వెళ్లిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండానే ఫైళ్లు చంకలో పెట్టుకుని వచ్చి, తన పాత బల్ల దగ్గరే కూర్చున్నాడు.

"ఏమైందన్నా?"

"ఆడ సప్పుడే లేదు. పని అయితలేదు."

మర్యాదకు టైపు కొట్టడం ఆపాను.

"ఎందుకాపినవ్? కొట్టు భాయ్, కొట్టు!"

కొట్టాను. ఆయన తృప్తిగా తలూపి, జేబులోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకున్నాడు.