ఆఫ్రికాకు ఒక్క వాక్యం

కెనడాలోని కిచెనర్‌లో నేను అద్దెకుండే బేస్‌మెంట్ యజమాని ఇటలీ నుంచి వచ్చిన పెద్దాయన. ఆల్ప్స్ కొండల్లో పోరాడేందుకే ఏర్పడిన ఒక పదాతి రెజిమెంటులో యౌవనంలో పనిచేశారు. అలా పనిచేసినవారు ఈక తురిమిన టోపీలు పెట్టుకుని ఏటా ఒకసారి కలిసి భోజనం చేస్తారు. ఇటాలియన్ రాని మనవల కోసం ఈసారి అక్కడ రెజిమెంటు చరిత్రను ఇంగ్లిషులో చదవాలని అనుకున్నారు. ఆయన పాత పుస్తకం చూస్తూ చెప్పేవారు, నేను రాసుకునేవాణ్ణి.

మూడు శనివారాలు పని చక్కగా సాగింది. ఫిరంగులను విడదీసి కంచరగాడిదల వీపున శిఖరాలకు చేర్చిన రోజులు, రష్యా మంచులో వెనుదిరిగి నడుస్తూ రాలిపోయినవారు, అన్నీ రాశాను. నాలుగో శనివారం ఆఫ్రికా వచ్చింది. దానికి పుస్తకంలో ఒక్కటే వాక్యం: అక్కడ మనవాళ్లు ఎండను, దాహాన్ని ఓర్చుకున్నారు.

"ఆఫ్రికాలో ఎక్కడ అంకుల్?" అన్నాను.

"ఇథియోపియా."

"ఎందుకు వెళ్లారు?"

"పంపారు, వెళ్లారు. నువ్వు రాయవయ్యా లాయరూ!"

కాలేజీ డిబేట్లలో నేను నేర్చుకున్నది ఒకటుంది: ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లు ఆ గదిలోనే కూర్చుని వింటున్నట్టు మాట్లాడాలి. ఒక ఇథియోపియా మనిషి వింటూ ఉంటే ఈ వాక్యాన్ని చదవగలమా? చదవలేమని తేల్చుకుని, దాని స్థానంలో నా వాక్యం రాశాను: "ఒక స్వతంత్ర దేశాన్ని ఆక్రమించి, దాని ప్రజలపై విషవాయువు వదిలిన సైన్యంలో ఈ రెజిమెంటు వారూ నడిచారు." ఇది లేకుండా మిగతాది రాయనని చెప్పాను. ఆయన పుస్తకం మూసి పైకి వెళ్లిపోయారు.

నా రూమ్మేట్ గుంటూరువాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "ఇంటి ఓనర్‌తో డిబేటా? ఖాళీ చెయ్యమన్నాడనుకో, స్నోలో సామాన్లు నువ్వే మొయ్యాలి బాబూ. ముందు ఇక్కడ ఉండిపోవడానికి పెట్టిన నీ పీఆర్ అప్లికేషన్ సంగతి చూసుకోరా!"

నా వాదన సరైనదేనని నాకప్పుడు నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అయితే నాకు తెలియనిది ఒకటుందని మరుసటి శనివారం తెలిసింది.

"మా దగ్గర ఒక్కో బెటాలియన్‌కు ఒక్కో లోయ నుంచే మనుషుల్ని తీసుకునేవారు," అన్నారాయన. "అన్నదమ్ములు, పక్కింటివాళ్లు, ఒకే చర్చికి వెళ్లేవాళ్లు. నువ్వు రెజిమెంటు వారు అని రాశావు. మా బల్ల దగ్గర కూర్చునే నలుగురికి వాళ్లు తండ్రులు. నాకు బాబాయి. ఇది చదివాక నాతో ఎవరు మాట్లాడతారు?"

"నా మాట తప్పని మీరు అనలేదు."

"అనలేదు. దాని వల్ల మాట పడేది నేనే అంటున్నాను."

వాక్యం నిజమా కాదా అని చూశాను కానీ, అది ఎవరి నోట రావాలో నేను ఆలోచించలేదు. "పోనీ, నేనే చదువుతాను," అన్నాను.

ఆయన నవ్వారు. "ఈక టోపీ లేనివాడు చదివితే సూప్ తాగుతూనే వింటారు."

మిగతాది రాయించుకున్నారు. భోజనం రోజున నన్నూ వెంట తీసుకెళ్లి, ఆయనే లేచి చదివారు. ఆఫ్రికా దగ్గర నా వాక్యాన్ని అక్షరం మార్చలేదు. చివర మాత్రం, "మా బాబాయి వాళ్లలో ఉన్నాడు," అని చేర్చారు. చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఒకాయన కుర్చీ వెనక్కి తోసి బయటకు వెళ్లిపోయారు. మరొకాయన, "ఎవరు రాశారిది?" అని గద్దించారు. నేను లేవబోయాను. అంకుల్ నా భుజం నొక్కి కూర్చోబెట్టారు.

"చదివింది నేను," అన్నారు.

గద్దించినాయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. ఆ తర్వాత మెల్లగా, "మా నాన్ననూ చేర్చు," అన్నారు. అంకుల్ కాగితం నా ముందుకు జరిపారు. నేను రాశాను.

బయటకు వెళ్లినాయన తిరిగి రాలేదు. ఆయన కోసం వడ్డించిన ప్లేటును సాయంత్రం దాకా అంకుల్ ఎవరినీ తియ్యనివ్వలేదు.