సుదర్శనన్న హోటల్లో ఊగే కుర్చీలు

సుదర్శన్ హోటల్లో ఏం తినాలన్నది మీ ఇష్టం. ఎంత తినాలన్నది మీ కడుపు ఇష్టం. ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం సుదర్శన్ ఇష్టం. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసుకున్నా, నోటికి మానుకోట అనే అలవాటైన మా ఊళ్లో, రైల్వే స్టేషన్ ఎదురుగా ఆ హోటల్ ఎన్నేళ్ల నుంచి ఉందో, ఆయన జనాన్ని కుర్చీల్లోంచి లేపడం కూడా అన్నేళ్ల నుంచే ఉంది.

మీరు ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంటారు. ఇడ్లీ వస్తుంది. మొదటి ముక్క చట్నీలో ముంచేలోపు భుజం మీద ఒక చెయ్యి పడుతుంది.

"అన్నా, ఆ కుర్చీ కాలు ఊగుతది. జర గిటు రా."

"ఊగుతలేదే, మంచిగనే ఉన్నది."

"ఇప్పుడు ఊగది. సాంబార్ పోసినంక ఊగుతది. లే, లే."

అప్పటికే మీ ప్లేటు ఆయన చేతిలో ఉంటుంది. ప్లేటు ముందు, మీరు వెనక. ఇక కుర్చీ కాలు ఊగదని మీరు కూర్చుని మరీ నిరూపించారనుకోండి, పైన ఫ్యాన్ రెక్క లూజుగా ఉందంటాడు. ఫ్యాన్ లేని చోటయితే బల్లి పడుతుందంటాడు. బయట ముసురు పట్టి మూడు దినాలుగా సూర్యుడి ముఖం ఎవరూ చూడకపోయినా, "ఎండ కొడతది బిడ్డా, ఇటు జరుగు" అంటాడు.

ఒకసారి మందుల కంపెనీ కుర్రాడొకడు ఒక దోశ పూర్తయ్యేలోపు నాలుగు టేబుళ్లు మారాడు. చివరికి చెయ్యి కడుక్కుంటూ ఏడుపు ముఖం పెట్టాడు.

"అన్నా, నేను దోశ తిన్ననా, ఊరు తిరిగిననా?"

"తిరిగితెనే అరుగుతది తమ్మీ."

హోటల్ దాటినా ఆయన చెయ్యి ఊరుకోదు. పెళ్లికి పోతే బంతిలో కూర్చున్నవాళ్లను లేపి అటూ ఇటూ మారుస్తాడు. ఒకసారి పెళ్లికొడుకునే లేపబోతే పురోహితుడు పీటకు అడ్డం పడ్డాడు. కాజీపేట పోయే రైలెక్కితే, డోర్నకల్ నుంచి నిద్రపోతూ వస్తున్నవాళ్లను కూడా లేపి "ఆ కిటికీ సక్కగ లేదు" అంటాడు. ఊరు ఊరంతా ఆ హోటల్‌ని ఊగే కుర్చీల హోటల్ అనేది. బోర్డు మీద ఉన్న పేరు ఆయన భార్య రుక్మిణికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

రుక్మిణిది వంటింటి రాజ్యం. హాలుకూ వంటింటికీ మధ్య ప్లేట్లు అందించే చిన్న కిటికీ ఉంది. అందులోంచి మొగుడి తమాషా రోజూ కనపడేది. కనపడినప్పుడల్లా ఆమె గరిటెతో మూకుడు అంచు మీద ఠంగుమని కొట్టేది. ఆ చప్పుడుకు సుదర్శన్ తప్ప హోటల్లో అందరూ ఉలిక్కిపడేవాళ్లు.

ఈ సంసారం ఇంకెన్నాళ్లయినా ఇట్లాగే నడిచేది. కానీ ఒకరోజు బిల్డింగ్ ఓనర్ శశిధర్ వచ్చి నిలబడ్డాడు. పెద్దవంగర పటేళ్ల ఇంటి మనిషి, హనుమకొండలో కాపురం. నోరు తెరిస్తే ముందు బంగారు పన్ను మెరుస్తుంది, తర్వాత మాట వస్తుంది.

"సుదర్శన్, నా బిల్డింగుల ఊగే కుర్చీల హోటల్ ఉన్నదని జనం నవ్వుతున్నరయ్యా. మొబైల్ షాపోళ్లు ఈ జాగ అడుగుతున్నరు. వచ్చే ఆదివారం నేనే వచ్చి తింట. ఒక్క కుర్చీ ఊగినా, ఒక్క మనిషిని నువ్వు లేపినా, దసరాకు ఖాళీ చెయ్యాలె. సమజైందా?"

"సమజైంది సారూ. మీరు నిలబడ్డ కాడ మోరి వాసనొస్తది, జర ఇటు..."

వంటింట్లోంచి ఠంగుమంది.

మర్నాడే రుక్మిణి వడ్ల జీవన్‌ని పిలిపించింది. ఊళ్లో సగం తలుపులు అతని చేతివే. సుత్తె, మేకుల డబ్బా పట్టుకుని వచ్చాడు.

"ఏ కుర్చీ ఊగుతది వదినా?"

"అన్నీ. మీ అన్న రోజూ గదే మొత్తుకుంటడు."

జీవన్ ఒక్కో కుర్చీ తిరగేశాడు. ఎక్కి నిలబడ్డాడు. రెండింటి మీద గెంతాడు కూడా. మేకుల డబ్బా మూత తీయకుండానే చంకలో పెట్టుకున్నాడు.

"వదినా, ఇది టేకు. ఏనుగు కూసున్నా కదలది. ఊగేది కుర్చీ కాదు, మా అన్న తలకాయ."

రుక్మిణి కొంగుతో చేతులు తుడుచుకుంటూ కుర్చీల వంక చూసింది. కుర్చీ ఊగకపోతే మరి ఈ మనిషి జనాన్ని ఎందుకు లేపుతున్నట్టు?

ఆ రోజు నుంచి ఆమెకు ఒక కన్ను పొయ్యి మీద, ఒక కన్ను కిటికీలో. దోశలు మాడాయి, కానీ సంగతి కనపడింది.

తండా నుంచి లాలి అని కొత్తగా పెళ్లయిన పిల్ల వచ్చింది. అత్తకు కంట్లో పొర, ఆపరేషన్ అన్నారట. చేతిలో దవాఖాన చీటీ. చాయ్ చల్లారిపోతున్నా దాన్ని అటు తిప్పి చూస్తోంది, ఇటు తిప్పి చూస్తోంది.

"బిడ్డా, అక్కడ బల్లి పడతది. గిటు కూసో," అన్నాడు సుదర్శన్. కూర్చోబెట్టింది ఎవరి ముందో తెలుసా? సర్కారు దవాఖాన నర్సు గీత ముందు. ఎదుటి మనిషి చేతిలో చీటీ చూస్తే అడగకుండా ఉండలేని మనిషి గీత.

"ఏం చీటీ చెల్లే? ఇటు తే. అయ్యో, గీ రూముకు పోవాలంటే వెనక గేటు. నేను డ్యూటీకే పోతున్న, నా ఎంబడి రా."

ఇద్దరూ కలిసి వెళ్లిపోయారు. లాలి ఎవరినీ ఏమీ అడగలేదు. గీత తానేదో సాయం చేశాననుకోలేదు. సుదర్శన్ టేబుల్ తుడుచుకుంటూ ఈగను తిడుతున్నాడు.

మర్నాడు బర్రె చచ్చిపోయినాయనను తీసుకెళ్లి, బర్రెను అమ్మబోతున్నాయన ముందు కూర్చోబెట్టాడు. అప్పుడు రుక్మిణికి మందుల కంపెనీ కుర్రాడు గుర్తొచ్చాడు. కిరాయి గది దొరక్క లాడ్జిలో ఉండేవాడు. నాలుగో టేబుల్ దగ్గర ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఇంట్లోనే గది దొరికింది. వారం తర్వాత వచ్చి స్వీట్లు పంచిపోయాడు.

"ఓరి దేవుడా!" అనుకుంది. కానీ మెచ్చుకోవడానికి టైం లేదు, ఆదివారం వచ్చేస్తోంది. శనివారం మొగుణ్ణి పొయ్యి ముందు నిలబెట్టింది.

"చూడయ్యా. నీ కథ నాకెర్కయ్యింది. మంచి పనే. కానీ హోటలే లేకపోతే ఎక్కడ కూసోబెడతవ్? రేపొక్కరోజు ఏ మనిషినీ లేపనని కురవి వీరన్న మీద ఒట్టెయ్యి."

సుదర్శన్ దొంగతనం దొరికిన పిల్లాడిలా చూశాడు. పెద్ద నిట్టూర్పు విడిచి ఒట్టేశాడు. "రేపు తలకాయ కూర కూడ వండు" అని మాత్రం అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం శశిధర్ వచ్చి నడిమి టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చున్నాడు. పెద్దాయన ఎదురుగా కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. సుదర్శన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఆపుకుంటున్నాయి.

అప్పుడే కురవి దిక్కు తండా నుంచి చందూలాల్ వచ్చాడు. మిర్చి రైతు, భారీ మనిషి. మూల కుర్చీలో కూలబడి తలకాయ కూర తెప్పించుకున్నాడు. ఆయన్ను చూడగానే సుదర్శన్ కాళ్లు వాటంతటవే కదిలాయి. కిటికీలోంచి ఠంగుమంది. కాళ్లు ఆగాయి. ఒక్క నిమిషం ఆలోచించాడు. మెల్లగా చందూలాల్ వెనక్కి పోయి కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"చందన్నా, ప్లేటు గట్టిగ పట్టుకో."

అంతే. కుర్చీతో సహా లాగడం మొదలుపెట్టాడు. బండల మీద కిర్రుమని చప్పుడు. కుర్చీలో చందూలాల్ ప్లేటు ఎత్తి పట్టుకుని, జాతరలో రథం మీద ఊరేగుతున్నట్టు వస్తున్నాడు.

"ఒట్టూ!" అని అరిచింది రుక్మిణి.

"ఒట్టు తప్పలేదే! మనిషిని లేపలే, కుర్చీని జరుపుతున్న!"

శశిధర్ టేబుల్ దాకా వచ్చేసరికి ఫట్‌మంది. ఏనుగు కూర్చున్నా కదలని టేకు కుర్చీ కాలు, ఇన్నేళ్లకు మొదటిసారి, చూడకూడని మనిషి ముందే విరిగింది. చందూలాల్ వెల్లకిలా పడ్డాడు. ప్లేటు మాత్రం గాల్లోనే ఉంది, ఒక్క ముక్క జారలేదు. రుక్మిణి కళ్లు మూసుకుంది. ఆ చీకట్లో మొబైల్ షాపు రంగు లైట్లు వెలుగుతూ ఆరుతూ కనిపించాయి.

శశిధర్ లేచాడు. వంగి, తిట్టడానికి నోరు తెరిచాడు. బంగారు పన్ను మెరిసింది.

కింద నుంచి చందూలాల్ ఆ పన్నునే చూస్తున్నాడు. "గా పన్ను నాది!"

"నా నోట్లె పన్ను నీదెట్లయితదయ్యా?"

"ఊడగొట్టింది నేనే గద! పెద్దవంగర బడి, కబడ్డీ! నువ్వు శశి పటేలువు కాదా?"

శశిధర్ నోరు మూతపడలేదు. "చందూగా? పుల్ల లెక్క ఉంటుంటివి, గిట్ల బస్తా లెక్క అయినవేందిరా! నా పన్ను ఊడగొట్టి ఎటు ఉరికినవ్‌రా?"

"మా బాపు మిరపకాయలు ఏరబోతుంటే ఎంబడి పోయిన. మీ నాయినకు చెప్పి ఉంటవ్, దొరికితే నా వీపు సాపైతదని ఆ ఊరి దిక్కే రాలే ఇన్నేండ్లు."

"ఎందుకు చెప్త? మెట్ల మీద పడ్డ అని చెప్పిన."

చందూలాల్ పడ్డచోటే లేచి కూర్చున్నాడు. తర్వాత ప్లేటు పైకి చాపాడు. "ఇగో. ముందు నువ్వొక ముక్క తీస్కో."

ఒకే పన్ను కథ. ఎప్పుడో సుదర్శన్‌కు శశిధర్ ఒకసారి ఈ కొస నుంచి చెప్పాడు, చందూలాల్ ఇంకోసారి ఆ కొస నుంచి చెప్పాడు. రెండు కొసలూ విన్నది సుదర్శన్ ఒక్కడే. ఆదివారం తలకాయ కూర ఉందని చందూలాల్‌కి ఫోన్ చేసిందీ ఆయనే.

సాయంత్రం రైలు వెళ్లిపోయేదాకా ఆ ఇద్దరూ లేవలేదు. లేచినప్పుడు శశిధర్ విరిగిన కుర్చీ కాలు చేతిలో పట్టుకుని వచ్చాడు.

"సుదర్శన్, దీన్ని బాగుచేపియ్యి. దసరా ముచ్చట మర్చిపో. మొబైల్ షాపోళ్లకు వేరే జాగ చూపిస్త. వచ్చే ఆదివారం మాత్రం తలకాయ కూర జర ఎక్కువ వండుండ్రి."

హాలు ఖాళీ అయింది. రుక్మిణి మొగుణ్ణి అడిగింది, "ఫలానాయన పని చేసిపెడతడు, పోయి కలువుండ్రి అని సక్కగ చెప్పొచ్చు గద? కుర్చీల మీద ఎందుకు చాడీలు?"

"పోయి అడగాలంటే మనిషికి నామోషీ అనిపిస్తదే. కుర్చీ ఊగిందంటే నామోషీ ఎవనికి? కుర్చీకి."

అంటూ, రోజూ లాగే పొయ్యి పక్కన నిలబడి, గిన్నెలో అన్నం కలుపుకోబోయాడు. అందరికీ ఎదురుగా ఎవరో ఒకరిని కూర్చోబెట్టే మనిషి, తాను మాత్రం నిలబడే తింటాడు. రుక్మిణి పొయ్యికి ఇటుపక్క పీట మీద తింటుంది. ఇన్నేళ్లూ అంతే.

ఆమె గిన్నె లాక్కుంది.

"అక్కడ నిలవడకు. చీమలున్నయ్. జర ఇటు రా."

సుదర్శన్ కిందికి చూశాడు. ఒక్క చీమ లేదు. ఆమె అప్పటికే గిన్నె పట్టుకుని హాల్లోకి నడుస్తోంది, నడిమి టేబుల్ దగ్గర ఎదురెదురుగా రెండు కుర్చీలు లాగి ఉన్నాయి.

"ఔ," అన్నాడు గిన్నె వెనక నడుస్తూ. "శానా ఉన్నయ్."